పదకొండూ యాభై తోకచీటీ

నాలుగింటికి అధ్యక్షుడు నివేదిక మీద సంతకం పెడతాడు. నాలుగూ ఐదుకి మా వదిన చేతులకు బేడీలు పడతాయి. నేను విచారణ సంఘం మెట్లెక్కేసరికి ఒకటీ ఇరవై. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు, ఒక పెన్ను, ఒంటి నిండా కోపం.

వదిన అంటే మా ఆయన అక్క. నా డిటెక్టివ్ ఉద్యోగాన్ని ఇరవై ఏళ్లుగా "ఊళ్లోవాళ్ల జేబులు వెతికే పని" అని వెక్కిరిస్తున్న మనిషి. అలాంటావిడ పొద్దున ఫోన్ చేసి "ఒకసారి వస్తావా" అంది. ఆ గొంతులో వెటకారం లేకపోయేసరికి నా పనులన్నీ పక్కన పెట్టేశాను.

సంగతి ఇదీ. సుంకాల విచారణ సంఘం పద్దెనిమిది నెలలు కూర్చుంది. బయటి దేశాల నుంచి వచ్చే ఇనుప సామాను, అంటే తాళాలు, గొళ్లేలు, కత్తెరలు, మరలు, వీటి మీద సుంకం ఉంచాలా ఎత్తేయాలా అన్నది ప్రశ్న. సంఘం ఏది చెబితే అదే రాబోయే పదేళ్ల వాణిజ్య విధానమని ప్రభుత్వం ముందే మాటిచ్చేసింది. నివేదిక సిద్ధమైంది. సుంకం ఎత్తేయమంది. నివేదికలో తొమ్మిదో అధ్యాయం ఆ మాట చెబుతోంది. ఆ అధ్యాయం మొత్తం సాక్ష్యాల్లో ఒకే ఒక్క పేజీ మీద నిలబడింది. రెండువందల పద్నాలుగు.

ఆ పేజీలో తాళాల తయారీదారుల పెద్ద చెప్పినట్టుగా ఇలా ఉంది: "మేం అమ్మే తాళాల్లో సగానికి పైగా బయటి సరుకే. దాని మీద మా ముద్ర వేసి అమ్ముతున్నాం." ఇంకేముంది. దొంగ ముద్రలు వేసుకునేవాళ్లకి రక్షణ ఎందుకని సంఘం తేల్చేసింది. అచ్చయిన సంపుటం చూసుకుని తాళాలాయన లబోదిబోమంటూ వచ్చాడు. ఆ మాట నేను కలలో కూడా అనలేదన్నాడు. అయితే ఆ రోజు షార్ట్‌హ్యాండ్ నోట్‌బుక్కు తీసి చూద్దామన్నారు. ప్రధాన స్టెనోగ్రాఫర్ మా వదిన. నోట్‌బుక్కు ఆవిడ బీరువాలో ఉండాలి. లేదు. తాళం పగలలేదు, తాళంచెవి ఒక్కటే, అదీ ఆవిడ సంచిలోనే ఉంది.

లోపలికి వెళ్లగానే ఎదురైన శాల్తీని చూసి నా కోపం ఇంకో మెట్టెక్కింది. నిఘా విభాగం అధికారి. మేం ఆయన్ని ఇస్త్రీ అంటాం. వానలో తడిసినా ఆయన చొక్కా మడత చెక్కుచెదరదు. గతంలో రెండు కేసుల్లో ఇద్దరం ఢీకొన్నాం. చెరొకటి గెలిచాం.

ఆయన లెక్క తేలిగ్గా ఉంది. పేజీ నిజమే. తాళాలాయన ఆ మాట నిజంగానే అన్నాడు, అని నాలిక్కరుచుకున్నాడు. ఇప్పుడు మాట వెనక్కి తీసుకోవాలంటే నోట్‌బుక్కు మాయం కావాలి. అందుకని స్టెనోగ్రాఫర్‌ని కొన్నాడు. ఇంత చెప్పి, నా మొహంలో ఏమీ కనిపించకపోయేసరికి చిన్న గాజు పలక కింద పెట్టిన చీటీ ఒకటి బల్ల మీదికి జరిపాడు.

"తోకచీటీ అంటే తెలుసా మేడం?" అన్నాడు.

తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన ముచ్చటపడిపోతూ చెప్పాడు. విచారణ హాల్లో ముగ్గురు స్టెనోగ్రాఫర్లు వంతులవారీగా పది నిమిషాల చొప్పున రాస్తారు. ఒకరి పది నిమిషాలు అయ్యేలోపే, అర నిమిషం ముందుగా, రెండోవారు పక్క కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెడతారు. మధ్యలో మాట జారిపోకుండా ఆ అర నిమిషం ఇద్దరూ రాస్తారన్నమాట. తర్వాత టైపు చేసేటప్పుడు రెండోవారు ఆ అర నిమిషాన్ని పేజీలో కలపరు. వేరే చీటీ మీద కొడతారు. అదే తోకచీటీ. రోజు చివర చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి సంఘం కార్యదర్శి లక్కముద్ర వేస్తాడు. బయటివాళ్లకు వీటి సంగతే తెలియదు.

వదిన వంతు పదకొండూ నలభై నుంచి యాభై దాకా. తాళాలాయన మాట ఆ వంతు చివరి అర నిమిషంలో పడింది. ఆవిడ తర్వాత వంతు పెద్దాయనది. ముప్పై ఏళ్ల సర్వీసున్న ముసలాయన, మూడు నెలల్లో రిటైరవుతాడు. ఆయన టైపు మిషను మీద కొట్టిన పదకొండూ యాభై తోకచీటీలో అక్షరం పొల్లుపోకుండా అదే మాట ఉంది: సగానికి పైగా బయటి సరుకే. ఇస్త్రీ ఆ కవరును తనే సాక్షుల ముందు తెరిచాడు. ముద్ర చెక్కుచెదరలేదు.

ఇద్దరు మనుషులు, రెండు మిషన్లు, ఒకటే మాట. ఇక మీరు ఇంటికెళ్లి వంట చూసుకోవచ్చన్నాడు. వంట మా ఆయన చేస్తాడని, కావాలంటే ఒకపూట భోజనానికి రమ్మని చెప్పి రికార్డు గదిలోకి నడిచాను. 

రికార్డు గదిలో ఆ రోజు అసలు పేజీలు ఫైలు కట్టి ఉన్నాయి. కంటితో చూస్తే ఏమీ లేదు. అదే కాగితం, అదే రిబ్బను, వరుసలన్నీ తిన్నగా ఉన్నాయి. విసుగొచ్చి పేజీ తిరగేశాను. అప్పుడు తగిలింది వేలికి.

మా వదిన చేయి బరువు. తలుపు వేసినా, గిన్నె దించినా వీధి చివరకి వినబడుతుంది. టైపు చేసేటప్పుడూ అంతే. వాక్యం అయిపోగానే చుక్కని గుద్దుతుంది. రెండువందల పదమూడో పేజీ వెనక వేలితో తడిమితే చుక్క చుక్కకీ చిన్న బొడిపె తగిలింది. పద్నాలుగో పేజీ వెనక నున్నగా ఉంది. ఒక్క బొడిపె లేదు. అదే మిషను, వేరే చేయి.

సంబరపడబోయి ఆగాను. పదిహేనో పేజీ పెద్దాయన వంతు, పెద్దాయన మిషను మీద కొట్టింది. అలవాటుగా దాని వెనకా వేలు రాశాను. బొడిపెలు. పదహారూ అంతే. మిషను ఆయనది, చేయి మా వదినది. ఇస్త్రీ దగ్గరికెళ్లి తోకచీటీ ఒకసారి అడిగి తీసుకుని దాని వెనకా తడిమాను. నున్నగా ఉంది. చీటీ ఒకరు, పేజీ ఒకరు కొట్టినట్టుంది. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. టైము రెండూ పది.

వదినని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు, గుమ్మంలో కానిస్టేబుల్‌తో సహా. ఆవిడ నన్ను చూసి ముందు అన్నమాట, "తిన్నావా?" అని. నేను తలుపు దగ్గరగా వేసి సూటిగా అడిగేశాను. ఆ రోజు పదకొండూ యాభైకి పక్క కుర్చీలో ఎవరున్నారు?

ఆవిడ పమిట అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పెద్దాయన పేజీలు మీ చేత్తో కొట్టారు, నా వేలికి దొరికిపోయారు అన్నాను. అప్పుడు చెప్పింది.

పెద్దాయనకి చెవుడు. రెండేళ్లుగా ముదురుతోంది. వినబడని స్టెనోగ్రాఫర్‌ని ఒక్క పూట కూడా ఉంచరు. ఉన్న సంగతి దాచాడని తెలిస్తే పింఛనూ పోతుంది. అందుకని వదిన రెండేళ్లుగా ఆయన రాసిందాన్ని రోజూ సరిచేసి పెడుతోంది. ఆ రోజు ఆయన పక్క వీధిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అందుకని ఆయన పది నిమిషాలు కూడా ఈవిడే, కుర్చీలోంచి లేవకుండా, వరసగా రాసేసింది. తర్వాత ఆయన మిషను మీద కొట్టి హాజరు పట్టీలో ఆయన సంతకమూ పెట్టేసింది. ఇరవై నిమిషాలు ఒకే మనిషి రాస్తే ఇక అతకాల్సిన పని లేదు. ఆ రోజు పదకొండూ యాభైకి తోకచీటీ అన్నదే పుట్టలేదు.

 పుట్టని చీటీ కవర్లోకి ఎలా వచ్చింది? తోకచీటీల ఆనవాయితీ బాగా తెలిసినవాడు, ఆ పది నిమిషాలూ హాల్లో లేక పక్క కుర్చీ ఖాళీ సంగతి తెలియనివాడు దాన్ని కొట్టాడు. పాపం, పని పకడ్బందీగా చేద్దామనుకున్నాడు. పేజీ ఒక్కటే మారిస్తే చాలదని, దానికి తోక కూడా తగిలించాడు.

"పదండి, అధ్యక్షుడి దగ్గరికి పోదాం. ఇప్పుడే," అన్నాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. చెప్పానుగా, చేయి బరువు.

"నువ్వు ఆయన పేరెత్తితే నా శవం చూస్తావు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇంట్లో మంచం పట్టిన భార్య. నేనంటావా, నాకు తమ్ముడున్నాడు, నువ్వున్నావు. మాటియ్యి."

ఇరవై ఏళ్లలో నేను ఉన్నానని ఆవిడ చెప్పడం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక తిట్టాను. మొండిఘటమన్నాను, బుద్ధి లేదన్నాను. చివరికి మాటిచ్చాను. నా నోటితో ఆయన పేరు ఎత్తనని. నోట్‌బుక్కు సంగతి అడిగితే ఏమో అంది, గోడవైపు చూస్తూ. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు.

రెండూ నలభైకి టైపు గదిలోకి వెళ్లాను. ఈ గదికి తాళంచెవులు రెండు. ఒకటి వదిన దగ్గర, రెండోది కార్యదర్శి దగ్గర. లోపల పెద్దాయన ఒక్కడే కూర్చుని రిబ్బను మారుస్తున్నాడు. మూడో స్టెనోగ్రాఫర్ పురిటికి పుట్టింటికి వెళ్లిందట. నేను పలకరిస్తే ఆయన నా పెదాలవైపు చూసి నవ్వాడు. తలకాయ ఊపాడు. కాగితం మీద "వదిన ఎక్కడ?" అని రాసి చూపించాను.

"సెలవు పెట్టిందని చెప్పారమ్మా. ఒంట్లో బాగాలేదా?" అన్నాడు, గది దద్దరిల్లేలా.

అప్పుడు అర్థమైంది. మూడు రోజులుగా ఆఫీసంతా గుసగుసలతో కుతకుతలాడిపోతోంది. గుసగుస వినబడని మనిషి ఆ భవనం మొత్తానికి ఈయనొక్కడే. ఈయనకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను మాట తప్పలేదు. పేరు ఎత్తలేదు, ఏమీ అడగలేదు. ఆ తోకచీటీ మీది తేదీ, వేళ, మాటలు ఇందాకే నా పుస్తకంలో రాసుకున్నాను, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. దాని పక్కనే మూడు ముక్కలు రాశాను: "ఇది ఈ మిషను మీద కొట్టిందట. దీన్ని పట్టుకుని వదినని నాలుగూ ఐదుకి తీసుకెళ్తారు."

ఆయన చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత లేచి, కుర్చీ వెనక తగిలించిన కోటు జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. నాకేసి చూడలేదు. వస్తాడో రాడో తెలియకుండానే నేను బయటికి వచ్చేశాను.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా హాలు నిండిపోయింది. ఎత్తు బల్ల వెనక అధ్యక్షుడు, ఆయనొక రిటైరైన జడ్జి. అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. విలేఖరులు, వెనక వరసలో తాళాలాయన, ఆయన పనివాళ్లు. నివేదిక ప్రతిని అధ్యక్షుడి ముందు పెట్టి, పెన్ను మూత కూడా తీసి పక్కన ఉంచాడు కార్యదర్శి. సన్నగా, చల్లగా ఉండే మనిషి. గుమ్మం దగ్గర వదిన, ఆవిడ పక్కనే ఇస్త్రీ, గడియారం చూసుకుంటూ.

నాకు ఐదు నిమిషాలు ఇప్పించమని అడిగాను. నివేదిక సిద్ధమయ్యాక ఇలాంటివి కుదరవన్నాడు కార్యదర్శి. అధ్యక్షుడు మాత్రం, పద్దెనిమిది నెలలు విన్నవాణ్ని ఐదు నిమిషాలు వినలేనా అన్నాడు. నేను వదిన వంతు పేజీలు మూడు ఆయన ముందు బోర్లించి, వెనకవైపు బొటనవేలితో తడమమన్నాను. తడిమాడు. సభ్యులిద్దరూ తడిమారు. ముగ్గురూ పద్నాలుగో పేజీ దగ్గర ఆగారు.

ఇస్త్రీ ఊరుకుంటాడా? ఒకరోజు గట్టిగా కొడతారు, ఒకరోజు మెల్లగా కొడతారు, తోకచీటీ మాటేమిటని లేచాడు. అదే నాకు కావలసింది. కార్యదర్శివైపు తిరిగి మూడు ప్రశ్నలు వేశాను. కవర్ల మీద ముద్ర ఎవరు వేస్తారు? ఆయనే. ఆ ముద్ర ఎప్పుడైనా ఎవరి చేతికైనా ఇచ్చారా? ఎన్నడూ లేదట, జేబులోంచి తీయనైనా తీయడట. ఆ పదకొండూ యాభైకి తమరు హాల్లోనే ఉన్నారా? లేడట. మంత్రిత్వశాఖ నుంచి ఫోనొస్తే నలభై ఐదుకి లేచివెళ్లి, పన్నెండూ ఐదుకి తిరిగొచ్చాడట. "అయినా నేనుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? ఇద్దరు స్టెనోగ్రాఫర్లు పక్కపక్కన కూర్చుని రాసిన మాట అది," అన్నాడు.

ఉచ్చు పన్నడమైంది. లాగాల్సిన తాడు మాత్రం నా చేతిలో లేదు. మాటిచ్చి చచ్చాను. హాలంతా నాకేసి చూస్తోంది. కార్యదర్శి పెన్నుని ఒక అంగుళం అధ్యక్షుడి చేతివైపు జరిపాడు.

నేను తల తిప్పి పక్క గుమ్మంవైపు చూశాను. పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని. ఇక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకి ఒక్క ముక్క వినబడదు. ఎప్పుడు రావాలో తెలియక నా మొహమే చూస్తున్నాడు. నేను చూడగానే కదిలాడు. వదిన ఒక్క అడుగు ముందుకేసి చేయి అడ్డంపెట్టబోయింది. ఆయన ఆ చేతిని మెల్లగా పక్కకి తప్పించి నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ చీటీ నేను రాయలేదండి," అన్నాడు. ఆయన లెక్కలో అది మామూలు గొంతు. కిటికీ అద్దాలు కదిలాయి. "ఆ టైముకి నేను హాల్లోనే లేను. నాకు వినబడదండి. రెండేళ్లయింది. చెవి ఆసుపత్రికి వెళ్లాను. ఇదిగో కార్డు."

కార్డు మీద ఆసుపత్రి ముద్రలు రెండు. లోపలికి పదకొండూ నలభై. బయటికి పన్నెండూ పది. నా పని కూడా ఆవిడే రాసింది, తప్పంతా నాది, ఆవిడని వదిలేయండి అన్నాడు.

ఇస్త్రీ చెడ్డవాడు కాదు, తొందరమనిషి అంతే. పొద్దుటి నుంచి ఎత్తిచూపిన చీటీనీ, కార్డునీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత గుమ్మం వదిలి, వదినని వదిలి, నడుచుకుంటూ వెళ్లి కార్యదర్శి కుర్చీ వెనక నిలబడ్డాడు. ముద్ర జేబులోంచి తీయనైనా తీయనన్నారు కదండీ, ఒకసారి తీయండి అన్నాడు.

అధ్యక్షుడు పెన్నుకి మూత పెట్టేశాడు. వచ్చే నెల నుంచి దిగుమతిదారుల సంఘంలో సలహాదారుగా వెళ్తున్నానంటూ కార్యదర్శి పెట్టుకున్న అర్జీ మీద నిన్ననే సంతకం పెట్టానని, పెట్టి శుభాకాంక్షలు కూడా చెప్పానని నెమ్మదిగా అన్నాడు. కార్యదర్శి మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా గుండె ధైర్యం ఉన్నవాడు. చివరి దెబ్బ కొట్టాడు.

"సరే, ఆ పేజీ కొట్టేయండి. ఆ తాళాలాయన ఆ రోజు నిజంగా ఏమన్నాడో రుజువేది? నోట్‌బుక్కు లేదు. రుజువు లేకుండా తొమ్మిదో అధ్యాయం ఎలా మారుస్తారు?"

 గెలిచామనుకున్నది చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. అప్పుడు కదిలింది మా వదిన. తిన్నగా నడుచుకుంటూ ఎత్తు బల్ల ఎక్కి, అధ్యక్షుడి కుర్చీ వెనకాల ఉన్న అద్దాల బీరువా తెరిచింది. పాత విచారణల సంపుటాలు పెట్టే బీరువా అది. ఇరవై ఏళ్లనాటి ఉప్పు విచారణ సంపుటాలు రెండు పక్కకి జరిపి, వాటి వెనక నుంచి ఒక నోట్‌బుక్కు తీసింది.

పెద్దాయన వంతు కూడా తన చేతిరాతలో, అంచున టైముతో సహా ఉంది కాబట్టి, అది బయటపడితే ఆయన పని అయిపోతుందని తనే దాచింది. తనని కాపాడే ఒకే ఒక్క ఆధారాన్ని తనే దాచుకుని మూడు రోజులు మాట పడింది. ఇక ఆయనే చెప్పేశాక దాచడానికేముంది?

"నేను మొదటి నుంచి చెబుతూనే ఉన్నా, ఆవిడే తీసిందని," అన్నాడు ఇస్త్రీ నా చెవి దగ్గర. నిజమే, చెప్పాడు. ఆ ఒక్క పాయింటు ఆయనకి ఇచ్చేశాను.

అధ్యక్షుడు చదవమన్నాడు. వదిన నిలబడి, ఆ గీతల్లోంచి, ఎక్కడా తడుముకోకుండా చదివింది. సభ్యుడి ప్రశ్న: మీరు అమ్మే తాళాల్లో బయటి నుంచి తెచ్చినవెన్ని? తాళాలాయన జవాబు:

"ఒక్కటీ లేదండి. ఏ తాళమైనా తెప్పించండి, ఇక్కడే విప్పి చూపిస్తా. లోపల ప్రతి ముక్కా మా ఆకురాయి కింద అరిగిందే. ఐదేళ్లు మా గుమ్మం కాయండి చాలు. ఆరో ఏట మేమే వాళ్ల దేశం వెళ్లి అమ్ముతాం."

వెనక వరసలో తాళాలాయన లేచి నిలబడ్డాడు. "అదండీ నేనన్నది," అని మాత్రం అని, పైపంచెతో మొహం కప్పుకున్నాడు. ఆయన పనివాళ్లు చప్పట్లు కొడుతుంటే ఆపమని చెప్పాల్సిన కార్యదర్శి అప్పటికే ఇస్త్రీతో నడుస్తున్నాడు.

అధ్యక్షుడు నివేదిక తెరిచి, తొమ్మిదో అధ్యాయం మీద అడ్డంగా గీత కొట్టాడు, కాగితం చిరిగేంత గట్టిగా. వదినని స్టెనోగ్రాఫర్ కుర్చీలో కూర్చోమన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఇనుప సామాను మీద సుంకం ఐదేళ్లు కొనసాగాలి. ఏటేటా సరుకు నాణ్యత పరీక్షించాలి. ఆరో ఏట ఎగుమతులకి దారి వెయ్యాలి. ఒక దేశం పదేళ్ల బతుకు అలా మా వదిన పెన్సిలు కింద మలుపు తిరుగుతుంటే, నేను గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయాను. గర్వంగా ఉంది. ఎందుకు దాచాలి, ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత ఆయన, నోట్‌బుక్కు దాచినందుకూ, వేరొకరి సంతకం పెట్టినందుకూ ప్రధాన స్టెనోగ్రాఫర్‌ని సంఘం తీవ్రంగా మందలిస్తోంది అన్నాడు. వదిన తన మందలింపు తనే, ఒక్క మాట వదలకుండా రాసుకుంది. ఆయన ఒక క్షణం ఆగి, బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దాయనవైపు చూశాడు.

"రెండో స్టెనోగ్రాఫర్ ఆ ముప్పై నిమిషాలు హాల్లో లేకపోవడం వల్లనే ఈ సంఘానికి నిజం తెలిసింది. కాబట్టి ఆయన ఆసుపత్రికి వెళ్లడం సంఘం పని మీద వెళ్లినట్టుగా నమోదు చేసుకోండి. మిగిలిన మూడు నెలలూ రికార్డు గదిలో పనిచేస్తారు. పింఛనుకి ఏ ఆటంకమూ లేదు."

వదిన పెన్సిలు ఆగింది. రాయడం పూర్తయిందో, కళ్లకి కనబడలేదో నాకు తెలియదు.

పెద్దాయనకి పెదాలు కదలడమే కనిపించింది గానీ మాట అందలేదు. తన మీద ఏదో శిక్ష చెప్పారనుకున్నాడు, మొహం అలాగే ఉంది. మెల్లగా వదినవైపు వంగి, "ఏమన్నారు?" అని అడిగాడు.

రెండేళ్లుగా ఆయన చెవుడు ఎక్కడ బయటపడుతుందోనని, ఆయనతో సైగలతోనే నెట్టుకొచ్చిన మా వదిన కుర్చీలోంచి లేచింది. ఆయన భుజం మీద చేయి వేసి, నోరు ఆయన చెవి దగ్గర పెట్టి, అధ్యక్షుడూ సభ్యులూ విలేఖరులూ మెట్ల మీదున్న కార్యదర్శీ అందరూ వినేలా అరిచింది.

"మీరు ఆ రోజు డ్యూటీలోనే ఉన్నారటండీ!"